విమానాల ఆర్డరు తగ్గిస్తే ఒక్కోదాని ధర ఎందుకు పెరుగుతుంది?

ఆదిభట్ల_మెషినిస్ట్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ పక్కన ఆదిభట్ల దగ్గర ఒక చిన్న యూనిట్‌లో సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్‌తో నడిచి లోహాన్ని కోసే యంత్రం) మీద పనిచేస్తాను. మిలిటరీ విమానాలకు వెళ్లే అల్యూమినియం బ్రాకెట్లు చేస్తాం. ఆ విమానాలు కొనే దేశం రక్షణ బడ్జెట్‌లో కోత పెట్టిందట, వచ్చే ఏడాది షెడ్యూల్ తగ్గుతుందని మా సూపర్‌వైజర్ చెప్పారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. డబ్బు తగ్గితే ముందు విమానాల మీదే ఎందుకు పడతారు? పైగా సంఖ్య తగ్గిస్తే ఒక్కో విమానం ధర పెరుగుతుందని పేపర్లో చదివాను. అదెలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మాజీ_ఎయిర్‌మన్_సికింద్రాబాద్:
తమ్ముడూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నికల్ ట్రేడ్‌లో చేసి, రిటైరయ్యాక ఒక విమాన భాగాల కంపెనీలో ధరలు లెక్కకట్టే సెక్షన్‌లో ఉన్నాను. నీ ప్రశ్న ఆ రోజుల్లో మా బల్ల మీదికి రోజూ వచ్చేదే.

మన దేశం లెక్కే చూడు. 2025-26లో రక్షణకు 6.81 లక్షల కోట్లు. అందులో పెన్షన్లకే సుమారు 1.61 లక్షల కోట్లు. జీతాలు ఆపలేరు, పెన్షన్లు ఆపలేరు, ఇంధనం కొనకపోతే ఉన్న విమానాలు కూడా ఎగరవు. కేపిటల్ ఖర్చు, అంటే విమానాలు, ఆయుధాలు లాంటివి కొనే డబ్బు కింద మిగిలింది 1.80 లక్షల కోట్లు, అదీ మూడు దళాలకూ కలిపి. అందులోంచి ముందు పాత ఒప్పందాల వాయిదాలు కట్టాలి. అవి పోను మిగిలినదే కొత్త ఆర్డర్లకు. కోత పెట్టాలంటే చేతికి అందేది అదొక్కటే. ఏ దేశంలోనైనా దాదాపు ఇంతే.

ఇక ధర. డిజైన్, పరీక్షలు, భాగాలను సరిగ్గా పట్టి ఉంచే జిగ్గులు, ఫిక్స్‌చర్లు... ఈ ఖర్చు పది విమానాలు చేసినా వంద చేసినా ఒకటే. అమెరికా మొదట 132 బీ-2 బాంబర్లు కొనాలనుకుంది. సోవియట్ యూనియన్ కూలిపోయి బడ్జెట్లు తగ్గాక 21 దగ్గర ఆపేసింది. అభివృద్ధి ఖర్చంతా ఆ 21 మీదే పడి ఒక్కోటి 200 కోట్ల డాలర్లు దాటింది. ధర పెరిగిందని గొడవ, గొడవతో ఇంకో కోత, ఆ కోతతో మళ్లీ ధర.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అమెరికా ఫైటర్ విమానం ఎఫ్-22 కథ. 750 అనుకున్నది 648 అయింది, తర్వాత 339, చివరికి వాడకానికి వచ్చినవి 187. తయారీ లైను మూసేశారు. 2017లో మళ్లీ 194 చేయాలంటే ఎంతవుతుందని లెక్కేస్తే 5,000 కోట్ల డాలర్లు తేలింది. లైను మూసేసరికి సప్లయర్లు వేరే పనులకు మళ్లారు, చేయి తిరిగిన పనివాళ్లు తలో దిక్కుకు పోయారు. నీలాంటివాళ్ల పనితనం ఏ బడ్జెట్ పట్టికలోనూ కనబడదు. కోత పెట్టేవాళ్లు ముందుగా లెక్కలోకి తీసుకోవాల్సింది అదే అని నా గట్టి నమ్మకం.

మాంచెస్టర్_తెలుగు:
ఇక్కడికి దగ్గర్లోనే వుడ్‌ఫర్డ్ అని ఊరుంది. జలాంతర్గాములను వెతికే నిమ్రాడ్ ఎంఆర్ఏ4 విమానాలు అక్కడ తయారయ్యేవి. 21 అన్నది 18, 12, చివరికి 9 అయింది. 300 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయ్యాక 2010లో బ్రిటన్ ప్రభుత్వం మొత్తం రద్దు చేసింది. 2011 మొదట్లో వాటిని ముక్కలుగా కోశారు. తర్వాత స్కాట్లండ్ తీరంలో రష్యా జలాంతర్గామి ఉందన్న అనుమానం వస్తే మిత్రదేశాల విమానాలను పిలిపించుకోవాల్సి వచ్చింది. 2015లో మళ్లీ అమెరికా నుంచి అదే పనికి 9 పీ-8 విమానాలు కొనాలని నిర్ణయించారు.

గాల్లోంచి రాడార్‌తో నిఘా పెట్టే ఈ-7 వెడ్జ్‌టెయిల్ విమానాల సంగతి కూడా అంతే. 2021లో 5 నుంచి 3కి తగ్గించారు. అయినా ఖర్చు మొదటి అంచనాలో దాదాపు 90 శాతం అవుతోందని పార్లమెంటు రక్షణ కమిటీ 2023లో తప్పుపట్టింది.

ఆదిభట్ల_మెషినిస్ట్:
అన్నగారూ, చాలా థ్యాంక్స్. అయితే నేను వేరే పని చూసుకోవాలా?

మాజీ_ఎయిర్‌మన్_సికింద్రాబాద్:
తొందరపడకు. మీ బ్రాకెట్ ఏ విమానానికి వెళ్తుందో, అది సంతకమైన ఆర్డరో ఉత్త అంచనానో ముందు అడుగు. సంతకమైతే ఏ సంవత్సరం దాకా ఉందో కూడా తెలుసుకో. ఒకే దేశం కొనే విమానమైతే రిస్కు ఎక్కువ. మీ ఆదిభట్లలో చేసే సీ-130జే రవాణా విమానం తోక భాగాలు చాలా దేశాల విమానాలకు వెళ్తాయి, ఒకరు తగ్గించినా ఇంకొకరు కొంటారు. మన ఫైటర్ తేజస్ మార్క్-1ఏకి 2021లో 83, 2025లో 97 ఆర్డర్లు సంతకమయ్యాయి. దాని మధ్యభాగం హైదరాబాద్‌లోనే తయారవుతోంది.

మన దగ్గర కోత కంటే ఆలస్యమే పెద్ద జబ్బు. 2024-25లో కేపిటల్ కింద ఇచ్చిన 1.72 లక్షల కోట్లను, డబ్బు సమయానికి ఖర్చు కాక, సవరించిన అంచనాల్లో 1.595 లక్షల కోట్లకు తగ్గించారు. ఎయిర్‌ఫోర్స్‌కు 42 ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల దళాలు) ఉండాల్సిన చోట మిగ్-21లు వెళ్లిపోయాక 29 మిగిలాయి. కాబట్టి దేశానికి ఈ పని అవసరం తగ్గలేదు. మీ యూనిట్‌లో ఐదు యాక్సిస్‌ల మిషన్ (ఐదు రకాలుగా కదిలి క్లిష్టమైన ఆకారాలు కోసేది) ఉంటే దాని ప్రోగ్రామింగ్ నేర్పమని ఈ వారమే అడుగు. ఏ జవాబు వచ్చిందో ఇక్కడ రాయి, ఆర్డరు వివరాలు కలిసి చూద్దాం.