ఆసుపత్రి శుభ్రం పనిలో దివ్యాంగులు: సబబేనా?

గంటస్తంభం వాసి:
అమ్మను మొన్న విజయనగరంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించి తొమ్మిది రోజులున్నాం. పేరు అనవసరం. అక్కడ హౌస్‌కీపింగ్‌లో ఆరుగురు దివ్యాంగులున్నారు. పోలియో కాలున్న కుర్రాడు చక్రాల బకెట్ తోసుకుంటూ వరండా తుడుస్తాడు. వినపడని అమ్మాయి ఒకర్తి మంచాల కమ్మీలు తుడుస్తుంది. మా వార్డులో ఒకావిడ "ఇలాంటోళ్ళ చేత ఊడిపిస్తారా, పాపం తగుల్తుంది" అని సూపర్‌వైజర్ మీద కేకలేసింది. పక్క మంచం ఆయన "ఇంట్లో కూర్చోబెడితే పుణ్యమా?" అన్నాడు. అక్కడ తేలలేదు. మీరేమంటారు?

పాతమేస్త్రి:
మున్సిపాలిటీలో 31 ఏళ్ళు శానిటేషన్ చేసి దిగినవాణ్ణి, ఆఖరి పదేళ్ళు మేస్త్రీని. ఒక్కటే అడుగుతాను. బకెట్ ఎవరు మోస్తారు? నిండు బకెట్ పదిహేను లీటర్లు, అంటే పదిహేను కిలోలు. అంతస్తుకి ఎనిమిది తొమ్మిదిసార్లు నీళ్ళు మార్చాలి, లేకపోతే మురికి తీసి మురికి పులిమినట్టే. కాలు సరిగ్గా లేని గుంటడు మోస్తాడేటి? పక్కనున్నోడు మొయ్యాలి. జీతాలు ఇద్దరికి, నడుము ఒకడిది.

అరసవల్లి77:
మంచి పనే. చేసుకోనివ్వండి.

కోట జంక్షన్ అమ్మ:
మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. పది పాసయ్యాక మూడేళ్ళు ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ఇదే పని చేస్తోంది, రెండో ఏడు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆ పనంతా రంగుల మీద నడుస్తుంది. ఎర్ర గుడ్డ, ఎర్ర బకెట్ మరుగుదొడ్డికే, అవి వార్డులోకి రాకూడదు. చెత్త కూడా అంతే, 2016 ఆసుపత్రి వ్యర్థాల రూల్స్ ప్రకారం రక్తం అంటిన దూది పసుపు సంచిలో, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో వెయ్యాలి. దీనికి చెవులతో పనేముంది? వినపడేవాళ్ళు కబుర్లలో పడి సూది తీసుకెళ్ళి పసుపు సంచిలో వేస్తే, మా పిల్ల ఆపి, చెయ్యి పట్టుకుని చూపించింది.

వాళ్ళతోనే బుద్ధి ఎదగని అబ్బాయి ఒకడు బాత్రూములు చేస్తాడు. గోడకి నాలుగు బొమ్మల అట్టలు కట్టారు. అద్దం, బేసిన్, కమోడ్, నేల. ఒకటి అవ్వగానే ఆ అట్ట తిప్పేస్తాడు. నాలుగూ తిరిగేవరకు ఎవరు పిలిచినా బయటికి రాడు. మొదటి నెల వాళ్ళమ్మ గేటు దగ్గరే కూర్చునేది, ఇప్పుడు రావడం లేదు.

దీనికి ముందు మా పిల్లని ఒక ఫంక్షన్ హాల్లో పెట్టాను. ఆ యజమాని "వినపడనోళ్ళు ఇద్దరైతే ఒక మనిషి లెక్క" అని సగం జీతం చేతిలో పెట్టాడు. ఆ రాత్రి అది నోట్లు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, నా మొహంలోకి చూసింది. పాపం అంటే అది. ఊడవడం కాదు.

పాతమేస్త్రి:
తల్లీ, మీ అమ్మాయి సంగతి నేను అనలేదు. కాలు బాగోని గుంటడి గురించి అడిగాను. బకెట్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి. బ్లీచింగు మీద యాసిడ్ పడితే క్లోరిన్ గాలి లేస్తాది. కళ్ళు మండి ఊపిరందదు. అప్పుడు "బయటికి రా" అని అరుస్తాం. వినపడకపోతే?

కోట జంక్షన్ అమ్మ:
అక్కడ యాసిడ్ లోపలికే రానివ్వరు. జంటగా పని చేస్తారు. బకెట్‌కి కింద చక్రాలుంటాయి, మాప్ పిండే పిడి బండికే ఉంటుంది, తోసుకుంటూ పోవడమే. పైన రాసిన ఆయన చక్రాల బకెట్ అనే అన్నాడు, చదవండి.

ఆమదాలవలస:
నాకు పోలియో, 60 శాతం. ఎం.ఏ., బి.ఎడ్. మీరంతా బకెట్ గురించి మాట్లాడుకుంటున్నారు. 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాల్ని గుర్తించి 3 శాతం కోటా పెట్టింది, 2016 చట్టం 21 రకాల్ని గుర్తించి 4 శాతం చేసింది. ఆ కోటా ప్రభుత్వ ఉద్యోగాలకే. పనిచోట మనకి తగ్గ సౌకర్యం పెట్టి తీరాలన్న 20వ సెక్షన్ కూడా ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కాంట్రాక్టరు చేసేదంతా దయాధర్మం కింద లెక్క. 1948 కనీస వేతనాల చట్టంలోనైతే, 2025లో అది రద్దయ్యేదాకా, 26వ సెక్షన్ కింద వికలాంగుల జీతాలకి ఆ చట్టమే వర్తించదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చే వీలుండేది. సగం జీతం ఆలోచన ఆ యజమానికి ఆకాశంలోంచి రాలేదు.

నన్ను ఒక స్కూల్లో ఇంటర్వ్యూకి పిలిచి, మెట్లెక్కడం చూసి, "అటెండర్ పోస్టుందండీ, గదులు ఊడిపిస్తే చాలు" అన్నారు. ఎం.ఏ., బి.ఎడ్. చదివినవాడి చేతికి చీపురా? దివ్యాంగుడంటే అందరికీ గుర్తొచ్చేది ఈ నీచమైన పనేనా?

కోట జంక్షన్ అమ్మ:
బాబూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ నా కూతురు చేసేది నీచమైన పని కాదు.

పాతమేస్త్రి:
నీచమైన పని అన్నావు కదా, మాస్టారూ. ఆ మాట మా తాత విన్నాడు, మా నాన్న విన్నాడు. ఈ ఊళ్ళో చీపురు పట్టిందే మా కులం. ఇంకో పని ఎవడూ ఇవ్వలేదు కాబట్టి పట్టాం. మా వీధి నుంచి పద్నాలుగు మంది పర్మినెంట్ ఉండేవారు. మేం దిగిపోయాక ఆ పోస్టులు నింపలేదు, అవుట్‌సోర్సింగ్ చేశారు. మా అబ్బాయి ఆరేళ్ళుగా అవుట్‌సోర్సింగే. సమ్మె కట్టినప్పుడు రోడ్డు మీద కూర్చున్నాడు. ఆ నాలుగు డబ్బుల పనిలోకి కూడా ఇప్పుడు ఇంకొకర్ని తెస్తే నాకు బాధుండదా?

నా నడుంలో రెండు పూసలు పోయాయి. రాత్రి పక్క తిరగాలంటే మంచం కమ్మీ పట్టుకోవాలి. ఎందుకో తెలుసా? బకెట్. 31 ఏళ్ళు. చక్రాల బండి ఉంటాదని ఈ రోజు మీరు చెప్తే తెలిసింది. మాకు ఒక్కడూ కొనివ్వలేదు. కాళ్ళున్నాయి కదా, మొయ్యండి అన్నారు. ఇప్పుడు కాలు లేనోడు వచ్చాక బండి వచ్చింది. వాడి మీద నాకు కోపం లేదు. మరి మేమేటి పాపం చేశాం?

నాగావళి ఒడ్డు:
ఇక్కడ పనిలో చేరితే 6 వేల పింఛను ఆపేస్తారేమోనని మా తమ్ముణ్ణి ఎక్కడికీ పంపడం లేదు మా నాన్న. ఎవరూ ఆ మాట ఎత్తరేం?

ఆమదాలవలస:
మేస్త్రీ గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా కోపం పని మీద కాదు, మెట్ల మీద నన్ను చూసిన చూపు మీద. కానీ నా ప్రశ్న మాత్రం వదలను. కంప్యూటర్ ముందు కూర్చునే పనికి ఆ అమ్మగారి పిల్ల పనిచేసే ఆసుపత్రి కాంట్రాక్టర్ ఎంతమంది దివ్యాంగుల్ని తీసుకున్నాడు?

కోట జంక్షన్ అమ్మ:
ఒక్కర్నీ తీసుకోలేదు బాబూ, అది నిజం. మేస్త్రీ గారూ, మీ అబ్బాయి పనిలో వాటా కోసం మా పిల్ల రాలేదు. ఆ ఆసుపత్రిలో మొదట పద్దెనిమిది మంది చేసేవారట, పన్నెండుకి తగ్గించాడు కాంట్రాక్టర్. ఆ ఆరుగురినీ మా పిల్లలు తీసెయ్యలేదు, వీళ్ళు వచ్చేసరికే ఖాళీ. పద్దెనిమిదీ ఉండాలని మీ అబ్బాయివాళ్ళు అడిగితే మా పిల్ల కూడా వచ్చి నిలబడుతుంది. నినాదం ఇవ్వలేకపోయినా, నినాదం రాసిన అట్ట పట్టుకుంటుంది.

పాతమేస్త్రి:
ఆ బండి గుమ్మం ఎక్కుతాదా? మా అబ్బాయి చేసేచోట ఆడోళ్ళు నలుగురున్నారు, యాభై దాటినోళ్ళు. అడగాలంటే చూపించడానికి ఏదైనా ఉండాలి.

కోట జంక్షన్ అమ్మ:
ఎత్తు గుమ్మమైతే ఎక్కదు, చిన్న చెక్క వేస్తారు. రేపు డ్యూటీలో ఫొటో తీసి పెట్టమంటాను. చక్రానికి బ్రేకుంటుంది, అది కూడా కనబడేలా తీయమని చెప్తాను.