వాడిన జెనాన్ లాంపును చిన్న తెరకు వేయవచ్చా?

ప్రశ్న (పరకాల నుండి):
మాకు రెండు తెరల థియేటర్ ఉంది. పెద్ద తెరకు 3 కిలోవాట్ల, చిన్న తెరకు 2 కిలోవాట్ల జెనాన్ లాంపులతో నడిచే డిజిటల్ ప్రొజెక్టర్లు ఉన్నాయి. పెద్ద తెర లాంపుకు కంపెనీ ఇచ్చిన 1500 గంటల వారంటీ పోయిన వారం పూర్తయింది. వెలుతురు మందగించింది గాని వెలగడంలో ఇబ్బందేమీ లేదు. రీళ్ల కాలం నాటి 2 కిలోవాట్ల లాంపు ఒకటి పాత క్యాబిన్ అలమారలో డబ్బాతో సహా దొరికింది, లాగ్‌బుక్ ప్రకారం అది 700 గంటలే కాలింది. ఈ రెండింటిలో ఏదైనా చిన్న తెరకు పనికొస్తుందా? కార్బన్ కడ్డీలను కాల్చి వెలుగు తెప్పించిన రోజుల్లో మిగిలిన ముక్కలను కూడా జోడించి కాల్చిన మా నాన్నగారికి, వెలిగే లాంపును పారేయడం మింగుడుపడడం లేదు.

జవాబు (హన్మకొండ, సర్వీసు పని):
రెండూ పనికిరావండి. రీళ్ల యంత్రపు లాంపులో ఆనోడ్‌కు, క్యాథోడ్‌కు (ఎదురెదురుగా ఉండే రెండు లోహపు మొనలు) మధ్య ఖాళీ ఎక్కువ, అందువల్ల వాటి నడుమ వెలిగే ఆర్క్ పొడవుగా ఉంటుంది. డిజిటల్ యంత్రంలోనేమో రిఫ్లెక్టర్ పోగుచేసిన వెలుగు ఇరుకైన గాజు కడ్డీ మూతిలో దూరాలి. ఆర్క్ పొడవైతే అందులో కొంత కడ్డీ అంచుల బయట పడి, తెరకు చేరకుండా వేడిగా మారిపోతుంది. అదే వాటేజీలో డిజిటల్‌కు పొట్టి ఆర్క్ లాంపులను వేరుగా తయారు చేసేది ఇందుకే. ఇక 3 కిలోవాట్ల లాంపును కరెంటు తగ్గించి వాడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. ప్రతి లాంపుకూ కనీస ఆంపియర్లు ఉంటాయి; అంతకన్నా దించితే క్యాథోడ్ మొన చాలినంత వేడెక్కక ఆర్క్ ఒకచోట నిలవదు, తెరమీద బొమ్మ మినుకుమినుకుమంటుంది. చిన్న ప్రొజెక్టర్ మాన్యువల్‌లోని లాంపుల పట్టికలో ఆ మోడల్ లేకపోతే ఇంత చర్చ కూడా అక్కర్లేదు.

జవాబు (మంచిర్యాల, రిటైర్డ్ ఆపరేటర్):
నాన్నగారి బాధ నాకు తెలుసు. కానీ కార్బన్ అయిపోతే ఆరిపోయేది, జెనాన్ లాంపు పేలుతుంది. చల్లగా ఉన్నప్పుడే లోపలి గ్యాస్ ఒత్తిడి బయటి గాలికి ఎన్నో రెట్లు, వెలిగాక అది దాదాపు మూడింతలవుతుంది. మొనల్లోని టంగ్‌స్టన్ లోహం ఆవిరై గాజు లోపలివైపు నల్లగా పేరుకుంటుంది, ఆ నలుపు వేడిని పీల్చి లాంపు గాజును, అంటే క్వార్ట్జ్‌ను, బలహీనపరుస్తుంది. వారంటీ గంటల మీద 25 శాతానికి మించి కాల్చవద్దని అంటారు. మేము 1500 గంటల లాంపును 1900 దాకా లాగాము. ఒక సెకండ్ షోలో, ఇంటర్వెల్ అయిన కాసేపటికి, పెద్ద చప్పుడుతో తెర చీకటైంది. లాంప్‌హౌస్ తెరిచి చూస్తే రిఫ్లెక్టర్ లేదు, అడుగున కలకండ పలుకుల్లా గాజు పడి ఉంది. లాంపు మీద మిగుల్చుకున్న డబ్బు ఆ అద్దానికి చాలలేదు.

వాడిన లాంపును మళ్లీ వాడుకునే పద్ధతి లేకపోలేదు. సంక్రాంతికో దసరాకో పెద్ద సినిమా పడితే కొత్త లాంపు వేసి, రద్దీ తగ్గాక సగం కాలిన పాతదాన్ని అదే యంత్రంలో తిరిగి పెట్టేవాళ్లం. అప్పుడు గంటల లెక్క లాంపు వెంటే నడవాలి, మీటరును సున్నా చేసి మరిచిపోకూడదు. అడ్డంగా బిగించే లాంపును సగం ఆయుష్షు దగ్గర 180 డిగ్రీలు తిప్పితే నలుపు ఒకేవైపు చేరదు. ఇంటర్వెల్‌లో లాంపు ఆర్పకండి, డౌజర్ (వెలుగుకు అడ్డుపడే మూత) మూస్తే చాలు. లాంపును వెలిగించే ఒక్కో స్ట్రైకు క్యాథోడ్ మొనను కొంత తినేస్తుంది.

జవాబు (కరీంనగర్):
చిన్న తెరకు కొత్త లాంపు కొనేముందు రెక్టిఫయర్ (లాంపుకు డీసీ కరెంటు ఇచ్చే పెట్టె) రిపుల్, అంటే ఆ కరెంటులోని హెచ్చుతగ్గులు, చూపించండి. కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే కొత్త లాంపు కూడా వారంటీకి ముందే మినుకుతుంది, నింద మాత్రం లాంపు మీద పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కొత్తదే తెప్పిస్తున్నాము. నాన్నగారు రీళ్ల లాంపును ఇంట్లో అద్దాల అలమారలో పెడదామంటున్నారు.

జవాబు (హన్మకొండ, సర్వీసు పని):
ప్లాస్టిక్ కవరు తీసి మాత్రం పెట్టవద్దు, చల్లని లాంపు కూడా చేయి జారితే పేలుతుంది. దాచడం కన్నా దాన్ని పగలగొట్టించడమే మేలు: ముఖానికి షీల్డు, చేతులకు తోలు గ్లౌజులు వేసుకుని, మందపాటి కాన్వాసు గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టించండి. అందులో పాదరసం లేదు, జెనాన్ విషవాయువు కాదు. గాజు పోయాక మిగిలే ఆనోడ్ బొటనవేలంత లావున, బరువుగా, చూడటానికి బాగుంటుంది. అలమారలో దాన్ని పెట్టమనండి. 3 కిలోవాట్లదానికీ ఇదే పద్ధతి.