సమస్య: "ఆరు రెట్లు పెరిగి యట్లె నిలిచె"

సంచాలకుడు, సిరొంచ: ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. పెరిగినది పెరగనట్టు నిలవడం ఎలాగో చెప్పాలి. 1,42,857 అనే సంఖ్య మీదే పూరించాలి. దాన్ని ఆరుతో హెచ్చిస్తే 8,57,142. ప్రాణహిత వరద మీద పద్యాలు పోయినసారి చాలా వచ్చాయి, ఈసారి వద్దు.

బల్లార్‌పూర్ సభ్యుడు:

ఒకటి నాల్గు రెండు నొగి నెనిమిది యైదు
ఏడు కలిసి నడుచు నింపు మీర
ఆరుతోడ హెచ్చ నవె యంకెలే వచ్చె
ఆరు రెట్లు పెరిగి యట్లె నిలిచె

సంచాలకుడు: గణాలూ (పాదంలో అక్షరాల కొలతలు), యతీ (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) కుదిరాయి. పాదాంతాల్లో సంధి చేయకుండా వదిలిన విసంధిని చూసీ చూడనట్టు వదిలేస్తున్నాను. కానీ అంకెలు అవే అయినా వరుస అదే కాదు గదా! అసలు చమత్కారం అక్కడే ఉంది. పైగా మూడో పాదం చెప్పిందే నాలుగోది మళ్ళీ చెప్పింది.

చంద్రపూర్ విశ్రాంత ఉపాధ్యాయిని:

వెనుక మూడు లేచి వేడ్క ముందున కేగె
ముందు మూడు వెనుక మూలఁ జేరె
కుర్చి మారె గాని కూటమి మారదు
ఆరు రెట్లు పెరిగి యట్లె నిలిచె

ధర్మాబాద్ మిర్చి వ్యాపారి: అమ్మా, మూడో పాదం లెక్కా, రాజకీయమా?

ఉపాధ్యాయిని: లెక్కే బాబూ. 857 ముందుకొచ్చింది, 142 వెనక్కి వెళ్ళింది. ఒకటిని ఏడుతో భాగించండి, దశాంశాల్లో ఈ 142857 తిరుగుతూనే ఉంటుంది. శేషాలు 1, 3, 2, 6, 4, 5గా వచ్చి మళ్ళీ ఒకటి దగ్గరికి చేరతాయి. ఒకటికి బదులు ఆరును భాగిస్తే అదే చక్రంలోకి నడుమ ఎక్కినట్టు. రెండు నుంచి ఆరు దాకా దేనితో హెచ్చించినా ఇదే తంతు.

వ్యాపారి: మరి సమస్యలో ఆరే ఎందుకు?

సంచాలకుడు: యతి కోసం. ఒప్పుకుంటున్నాను. కుర్చీని 'కుర్చి' చేసిన అమ్మగారికీ అదే మాఫీ.

డిగ్రీ విద్యార్థి, అసరెల్లి:

ఏడుతోడ హెచ్చ తొమ్మిదు లాయెరా
ఆట ముగిసె నచట నంకెలకును
అంతవరకు తిరిగె నందరు కలిసియే
ఆరు రెట్లు పెరిగి యట్లె నిలిచె

సంచాలకుడు: ఊహ మంచిది. ఏడుతో హెచ్చిస్తే 9,99,999 రావడం నిజమే. కానీ మొదటి పాదంలో 'ఏ'కు 'తొ' యతి కాదు. 'హెచ్చ' తర్వాత సరళాదేశం వచ్చి, అంటే 'త' 'ద'గా మారి, 'దొమ్మిదు' కావాలి కూడా. "ఏడుతోడ హెచ్చ నెల్ల తొమ్మిదులాయె" అంటే రెండు తప్పులూ పోతాయి. చివరి రెండు పాదాల పొందిక నాకు నచ్చింది, వాటిని ముట్టుకోవద్దు.

ఉపాధ్యాయిని: ఇంకొకటి. ఈ సంఖ్య వర్గం 20408122449. దాన్ని 20408, 122449 అని విడగొట్టి కూడితే మళ్ళీ 142857! ఇలాంటివాటిని కాప్రేకర్ సంఖ్యలంటారు. కాప్రేకర్ మన మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులుగా ఉండేవారు. నాలుగంకెల సంఖ్యల లెక్కలో వచ్చే 6174 చమత్కారమూ ఆయనదే. ఎవరైనా ఈ వర్గాన్ని పద్యంలో పెట్టగలరా?

సంచాలకుడు: పదకొండు అంకెలను ఆటవెలదిలో ఇరికించడం నా వల్ల కాదు. పెద్ద పాదాలుండే సీసమైతే చూడవచ్చు.

వ్యాపారి: దుకాణం చిట్టా వెనుక వేసి చూశాను, కూడిక సరిపోయింది. సీసం మొదటి పాదం మాత్రం ఇంకా రాలేదు.