గాలిలో ఉచితంగా వచ్చే టీవీకి కాపీ తాళం: ఫ్లాగ్ 2005లో ఓడింది, మరి ఏటీఎస్‌సీ 3.0 సంగతి?

కృష్ణాతీరం:
అమెరికాలో యాంటెన్నా పెట్టుకుని లోకల్ ఛానళ్ళు చూసే మనవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. డిజిటల్ టీవీ కాపీలను అడ్డుకోవాలని 2003 నవంబరులో ఎఫ్‌సీసీ (అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ) "బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్" నియమం తెచ్చింది. 2005 జులై 1 నుంచి తయారయ్యే ప్రతి రిసీవరూ దానికి లోబడాలంది. ఆ గడువు రాకముందే కోర్టు కొట్టేసింది. ఇప్పుడు అక్కడి డిజిటల్ టీవీ ప్రమాణంలో కొత్త తరమైన ఏటీఎస్‌సీ 3.0లో (పాతది 1.0) చాలా స్టేషన్లు ఏకంగా ప్రసారాన్నే ఎన్‌క్రిప్ట్ చేస్తున్నాయి. జనం సొత్తయిన తరంగాల మీద నడిచే స్టేషనుకు ఆ తాళం వేసే హక్కు ఉండాలా? నా మటుకు ఉండకూడదు. కాదనేవాళ్ళు కారణాలతో రండి.

బిట్‌రేటు_బాబు:
ముందు ఫ్లాగ్‌కీ ఎన్‌క్రిప్షన్‌కీ తేడా తేల్చుకుందాం. లేకపోతే నాలుగు పేజీలు వేరే వేరే వస్తువుల గురించి కొట్టుకుంటాం.

ఫ్లాగ్ తాళం కాదు, తలుపు మీద అంటించిన చీటీ. ఏటీఎస్‌సీ ఏ/65 ప్రమాణంలో రీడిస్ట్రిబ్యూషన్ కంట్రోల్ డిస్క్రిప్టర్ అని ప్రసారంతోపాటు వెళ్ళే చిన్న సమాచారపు ముక్క ఒకటుంది, ట్యాగ్ నంబరు 170. ఖాళీగా పంపితే ట్యాగుకో బైటు, పొడవుకో బైటు, అంతే. బొమ్మ, శబ్దం మామూలుగా తెరిచే వస్తాయి. 6 మెగాహెర్ట్జ్ ఛానల్లో సెకనుకు 19.39 మెగాబిట్ల ప్రవాహం ఎవరికైనా అందుతుంది. పాత ట్యూనర్ కార్డు ఆ చీటీని చూడనే చూడదు.

అందుకే ఫ్లాగ్ పనిచేయాలంటే ప్రపంచంలోని ప్రతి రిసీవరూ ఆ చీటీని చదివి తలవంచాలి. చట్టం పెట్టాల్సింది స్టేషను మీద కాదు, టీవీ, ట్యూనర్ కార్డు, రికార్డరు తయారుచేసేవాళ్ళ మీద. గొడవంతా అక్కడే పుట్టింది. ఏటీఎస్‌సీ 3.0లో లెక్క తలకిందులు: తాళం సిగ్నల్లోనే ఉంది, తాళంచెవి లైసెన్సు తీసుకున్న పెట్టెకే ఇస్తారు. ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టక్కర్లేదు.

సెట్‌టాప్_శాస్త్రి:
నేను అటువైపు. బాబు గారు చెప్పిన తేడా నా వాదనకే బలం. కేబుల్ వాడు, డీటీహెచ్ వాడు, ఓటీటీ వాడు అందరూ ఎన్‌క్రిప్ట్ చేస్తారు. యాంటెన్నా స్టేషను ఒక్కటే గుమ్మం బార్లా తీసి పెట్టాలంటే, క్రీడల హక్కులు అమ్మేవాళ్ళు మంచి సరుకంతా తాళమున్న చోటికే తీసుకెళ్తారు. నష్టపోయేది నెలనెలా డబ్బు కట్టలేక యాంటెన్నా పెట్టుకున్న మనిషే. రికార్డింగ్ కూడదని ఎవరూ అనడం లేదు, ఊరంతా పంచవద్దంటున్నారు.

లాపాయింట్_లలిత:
శాస్త్రి గారూ, ఈ బెదిరింపు పాతదే. 2002 చివర్లో అప్పటి సీబీఎస్ యజమాని వయాకామ్ ఎఫ్‌సీసీకి రాసిచ్చింది: కాపీ రక్షణ లేకపోతే 2003–04 సీజన్లో సీబీఎస్ హెచ్‌డీ కార్యక్రమాలు ఇవ్వదని. ఆ సీజన్లో ఏ టీవీలోనూ ఫ్లాగ్ తప్పనిసరి కాలేదు. సీబీఎస్ హెచ్‌డీ ఆగలేదు. కోర్టు ఫ్లాగ్‌ను పూర్తిగా తీసేశాక కూడా ఆగలేదు. ఒకే పందెం రెండుసార్లు ఓడాక మూడోసారి కాస్తంటే నమ్మడం కష్టం.

కోర్టు సంగతి కూడా చాలామంది తప్పుగా చెబుతుంటారు. 2005 మే 6న డీసీ సర్క్యూట్ అప్పీలు కోర్టు ముగ్గురు జడ్జీలూ ఏకగ్రీవంగా ఫ్లాగ్‌ను కొట్టేశారు. కేసు వేసింది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, వారితో మరికొన్ని సంఘాలు. కాపీ చేయడం మీ హక్కు అని కోర్టు అనలేదు. 1934 చట్టం ప్రకారం ఎఫ్‌సీసీ అధికారం ప్రసారం జరుగుతున్నంతసేపే. సిగ్నల్ ఇంట్లోకి వచ్చేశాక ఆ పెట్టె దాన్ని ఏం చేసుకుంటుందన్నది ఎఫ్‌సీసీ పరిధి కాదంది, అంతే. వాదనలప్పుడు జడ్జి ఎడ్వర్డ్స్ "తర్వాత వాషింగ్ మెషీన్లా?" అని అడిగింది అందుకే. కాంగ్రెస్ చట్టం చేస్తే ఆ అధికారం వచ్చేది. 2006లో బిల్లులు వచ్చాయి, గట్టెక్కలేదు. నియమాన్ని పుస్తకంలోంచి లాంఛనంగా తీసేసింది మాత్రం 2011లో.

కాబట్టి "కోర్టు ఒకసారి తేల్చింది, 3.0 ఎన్‌క్రిప్షన్ కూడా చెల్లదు" అనేవాళ్ళు ఆ తీర్పు మళ్ళీ చదవాలి. అది ఇక్కడికి అతకదు.

సెట్‌టాప్_శాస్త్రి:
ఆ చివరి పేరాకి ధన్యవాదాలు. మొదటి పేరాకి నా జవాబు: అప్పట్లో హెచ్‌డీ ఆగకపోవడానికి కారణం ఫ్లాగ్ అనవసరం కావడం కాదు, జనం దగ్గర పైపు సన్నగా ఉండటం. 19.39 మెగాబిట్ల చొప్పున గంట రికార్డింగ్ దాదాపు 8.7 గిగాబైట్లు. ఆనాటి 256 కిలోబిట్ల అప్‌లోడ్‌తో దాన్ని ఒక్కరికి పంపడానికి 75 గంటలు దాటుతుంది. ఇవాళ ఫైబర్ మీద నిమిషాల పని.

బిట్‌రేటు_బాబు:
లెక్క సరే, మూల ఫైలును అలాగే పంపేదెవరండీ? అప్పుడు కూడా గంట కార్యక్రమాన్ని 350 మెగాబైట్లకు కుదించే పంచేవారు. ఆ కుదింపును ఫ్లాగ్ ఆపగలిగేదే కాదు. నియమం అనలాగ్ అవుట్‌పుట్‌ను వదిలేసింది. కంప్యూటర్ మానిటర్లకు వెళ్ళే రక్షణలేని డిజిటల్ అవుట్‌పుట్‌ను కూడా ఫ్రేముకు 3,50,000 పిక్సెళ్ళ దాకా అనుమతించింది. 720×480 అంటే 3,45,600. అంటే డీవీడీ నాణ్యతకు దారి తెరిచే ఉంది. దొంగకు అది చాలు.

దెబ్బ తగిలేది ఎవరికంటే సొంతంగా రికార్డరు కట్టుకునేవాడికి. నియమం సాఫ్ట్‌వేర్ డీమాడ్యులేటర్లను, అంటే సిగ్నల్‌ను విప్పే ప్రోగ్రాములను, కూడా కలుపుకుంది. స్క్రూడ్రైవర్లు, క్లిప్పులు, సోల్డరింగ్ ఐరన్లు, దొరికే సాఫ్ట్‌వేర్ పనిముట్లు పట్టుకున్న మామూలు మనిషి రక్షణను తీసేయలేని విధంగా తయారుచేయాలంది. కంప్యూటరునే రిసీవరుగా మార్చే గ్నూ రేడియోలాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఆ షరతు ఎలా తీరుస్తుంది? మార్చుకునే స్వేచ్ఛే దాని లైసెన్సు. ఒక్క లైను తీసేసి మళ్ళీ కంపైల్ చేస్తే ఫ్లాగ్ పరిశీలన పోతుంది. కాబట్టి ఆ ప్రోగ్రామే నిషిద్ధమైపోయేది. 3.0లో నిషేధం అనే మాట లేకుండా అదే జరుగుతోంది: సర్టిఫికెట్ లేని ట్యూనరులో ఛానల్ పేరు జాబితాలో కనిపిస్తుంది, బొమ్మ మాత్రం రాదు. సర్టిఫికెట్ ఉన్న కొన్ని పెట్టెలకు కూడా మొదట్లో తాళంచెవి తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ కావాల్సి వచ్చింది. యాంటెన్నా టీవీకి ఇంటర్నెట్! తుఫానులో నెట్ పోయినప్పుడు కదా యాంటెన్నా అవసరం పడేది.

పాతరేడియో:
అందరూ టీవీ మీదే పడ్డారు, రేడియో కథ ఇంకా చిత్రమైనది. అమెరికా డిజిటల్ రేడియో పద్ధతి అయిన హెచ్‌డీ రేడియోకి 2002లో ఎఫ్‌సీసీ అనుమతి వచ్చింది, ఎన్‌క్రిప్షన్ లేకుండా. 2004లో రికార్డింగ్ కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ వెళ్ళి రేడియోకి కూడా ఫ్లాగ్ కావాలంది. వాళ్ళ భయం పంపిణీ కంటే ముందు ఏరుకోవడం: పాట పేరు, గాయకుడి పేరు ప్రసారంతోపాటే వస్తాయి కాబట్టి రాత్రంతా రికార్డరు నడిపి పొద్దున్నే పాటలు విడివిడి ఫైళ్ళుగా కోసుకోవచ్చని.

కానీ ఇంట్లో డిజిటల్ ఆడియో కాపీలకు అమెరికాలో 1992 నుంచే ఒప్పందంలాంటి చట్టం ఉంది. రికార్డరు ధరలో 2 శాతం, ఖాళీ టేపు, డిస్కుల మీద 3 శాతం సంగీతం వాళ్ళకు పోతుంది. బదులుగా మొదటి కాపీకి అనుమతి, కాపీకి కాపీ తీయకుండా ఎస్‌సీఎంఎస్ బిట్లు. డబ్బు పుచ్చుకుని మళ్ళీ తలుపేస్తామంటే ఎలా? కంప్యూటరు ఆ చట్టం కిందికి రాదన్న మాట నిజమే, ఆర్‌ఐఏఏ పట్టుకున్న కొస అదే. చివరికి రేడియో ఫ్లాగ్ రాలేదు.

కృష్ణాతీరం:
నా దగ్గరున్న రికార్డింగులో ఫ్లాగ్ ఉందో లేదో ఎలా చూడాలి?

బిట్‌రేటు_బాబు:
మార్చని .టీఎస్ ఫైలు కావాలి. ఎంపీ4గా మార్చితే డిస్క్రిప్టర్లు పోతాయి. టీఎస్‌డక్ అనే టీఎస్ ఫైళ్ళు పరిశీలించే ప్రోగ్రాం ఉచితం, అందులో టీఎస్‌టేబుల్స్‌తో టేబుల్ ఐడీ 2 తీయండి, అది పీఎంటీ, ప్రోగ్రాంలో ఏ ప్రవాహాలున్నాయో చెప్పే పట్టిక. ప్రోగ్రాం స్థాయి డిస్క్రిప్టర్లలో ట్యాగ్ 170 ఉందా చూడండి. అక్కడ లేకపోతే టేబుల్ ఐడీ 203, అంటే ఈఐటీ (కార్యక్రమాల వివరాల పట్టిక), కూడా చూడాలి. చాలా రికార్డర్లు ఒక్క ప్రోగ్రాంనే మిగిల్చి ఈఐటీ ప్యాకెట్లను పారేస్తాయి. అప్పుడు "లేదు" అని వచ్చినా నమ్మకండి.

ఎన్‌క్రిప్షన్ వేరే చోట తెలుస్తుంది. 188 బైట్ల ప్యాకెట్లో నాలుగో బైటు పై రెండు బిట్లు 00 అయితే తెరిచి ఉన్నట్టు. 10, 11 అయితే తాళం. ఇది 1.0కీ, ఇండియాలో వాడే డీవీబీ ప్రమాణానికీ మాత్రమే. 3.0లో ఐపీ ప్యాకెట్ల మీద డాష్ (ఇంటర్నెట్ వీడియో పద్ధతి) ముక్కలు వస్తాయి, ఈ పద్ధతి పనికిరాదు.

ఇండియాలో తీసిన రికార్డింగులో 170 కనబడితే కంగారు పడకండి. డీవీబీలో 128 నుంచి పైనంతా ఎవరిష్టానికి వాళ్ళు వాడుకునే అంకెలే.

సెట్‌టాప్_శాస్త్రి:
ఇండియా మాట వచ్చింది కాబట్టి: మన డీటీహెచ్ పెట్టెల్లో రికార్డింగ్ ఆ పెట్టెకే కట్టేసి ఉంటుంది, తీసి కంప్యూటరుకు పెడితే ఆడదు. ఎవరూ వీధికెక్కలేదే?

లాపాయింట్_లలిత:
అది డబ్బు కట్టి తెచ్చుకున్న సర్వీసు, గాలిలో ఉచితంగా వచ్చేది కాదు. ఉచితానికి పోలిక డీడీ ఫ్రీ డిష్. అందులో ఎంపెగ్-2 ఛానళ్ళకు ఎన్‌క్రిప్షన్ లేదు, ఏ ఫ్రీ టు ఎయిర్ పెట్టెతోనైనా వస్తాయి.

చట్టంలో కూడా తేడా ఉంది. మన కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ సొంత వాడకానికి చేసుకున్న రికార్డింగు ప్రసార హక్కును ఉల్లంఘించదని నేరుగా చెబుతుంది. 2012లో చేర్చిన 65ఏ కాపీ తాళం తీయడాన్ని నేరం చేసింది కానీ, హక్కును ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలంది. అమెరికా 1998 చట్టంలో తాళం తీయడమే తప్పు. లోపలి పని న్యాయమైనదైనా సరే. 3.0 గొడవకు అసలు పదును అక్కడుంది. 1984లో బీటామ్యాక్స్ కేసులో తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం న్యాయమేనని 5–4 తేడాతో సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు ఇప్పటికీ ఉంది, కానీ తాళం పడితే దాన్ని వాడుకునే దారి మూసుకుపోతుంది.

సెట్‌టాప్_శాస్త్రి:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. తాళం ఉండనివ్వండి, కానీ ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలి, చిన్న కంపెనీకీ సర్టిఫికెట్ దొరకాలి. ఈ రెండూ లైసెన్సు షరతులుగా పెడితే నాకు అభ్యంతరం లేదు.

బిట్‌రేటు_బాబు:
ఆ షరతులు పెట్టాల్సింది ఎవరు? తాళంచెవులు ఇచ్చే ఏ3ఎస్‌ఏ స్టేషన్ల యాజమాన్యాలు కలిసి పెట్టుకున్న సంస్థ. 1.0 ప్రసారం నడిచినంతకాలం మనకు పక్కదారి ఉంది. అది ఆపుకునే స్వేచ్ఛ స్టేషన్లకు ఇద్దామా అని 2025 అక్టోబరులో ఎఫ్‌సీసీ మొదలెట్టిన పరిశీలనలో ఎన్‌క్రిప్షన్ ప్రశ్న కూడా ఉంది. అక్కడ రాసేవాళ్ళు "అన్యాయం" అని ఒక ముక్క రాసి వదిలేయకండి. ఏ ఊళ్ళో, ఏ ఛానల్ నంబరు, ఏ మోడల్ ట్యూనరు, ఇంటర్నెట్ తీసేస్తే ఏమైంది, ఇవి రాయండి.