ట్రూల కాలమ్‌కి సమ్ కొడితే సున్నా ఎందుకు?

గాజువాక_లెక్కలు
వాటర్ క్యాన్ల సప్లయ్ షీటు, 2 నుంచి 61 వరకు వరుసలు. బి కాలమ్‌లో ఏరియా (గాజువాక, పెందుర్తి, మధురవాడ), సి లో డబ్బు ముట్టిందా లేదా అని ట్రూ/ఫాల్స్, డి లో రూపాయలు. ఎక్సెల్‌లో =సమ్(సి2:సి61) కొడితే 0. అదే ఫైలు లిబ్రాఫీస్‌లో (ఎక్సెల్ లాంటి ఉచిత ప్రోగ్రామ్) సరిగ్గానే కూడుతోంది. గాజువాకలో ముట్టిన ఇళ్లెన్నో, డబ్బెంతో ఎలా తీయాలండీ?

ఎంవీపీ_షీట్స్
ఎక్సెల్ సమ్ సెల్స్‌లో ఉన్న ట్రూని పట్టించుకోదు. =సమ్(ట్రూ,ట్రూ) అని ఫార్ములాలోనే రాస్తే మాత్రం 2 ఇస్తుంది. లిబ్రాఫీస్‌లో ట్రూ అంటే వేషం మార్చుకున్న 1, అందుకే అక్కడ కూడింది.

ఎక్సెల్‌లో దానికి ఏదో ఒక లెక్క తగిలించాలి: *1, +0, లేదా ముందు రెండు మైనస్‌లు. ఒక మైనస్‌తో -1 అవుతుంది, రెండోదానితో మళ్లీ 1.
ఇళ్లు (సమ్‌ప్రొడక్ట్ వరుసవారీగా గుణించి, వచ్చినవన్నీ కూడుతుంది): =సమ్‌ప్రొడక్ట్(--(బి2:బి61="గాజువాక"),--సి2:సి61)
డబ్బు కావాలంటే చివర ,డి2:డి61 చేర్చండి. అక్కడ కామానే వాడండి. గుణకారం గుర్తు పెడితే, డి లో ఒక్క చోట "బాకీ" అని రాసి ఉన్నా మొత్తం #వాల్యూ! అనే ఎర్రర్ అయిపోతుంది. కామా అయితే దాన్ని 0 అనుకుంటుంది.

(పేర్లన్నీ షీటులో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి, తెలిసిందే.)

పెందుర్తి_పివట్
ఇంత చిన్న పనికి అదంతా దేనికండీ? =కౌంటిఫ్స్(బి2:బి61,"గాజువాక",సి2:సి61,ట్రూ) చాలు. డబ్బుకి సమిఫ్స్. మార్చే పనే లేదు.

గాజువాక_లెక్కలు
సమ్‌ప్రొడక్ట్ #వాల్యూ! అంటోంది. కౌంటిఫ్స్‌లో రెండిళ్లు తక్కువొస్తున్నాయి.

ఎంవీపీ_షీట్స్
అయితే సి లో కొన్ని ట్రూలు ఉత్త అక్షరాలు. టెక్స్ట్ ఫార్మాట్ ఉన్న సెల్‌లో కొట్టినా, చివర స్పేస్ పడినా అంతే. అలైన్‌మెంట్ ముట్టుకోకపోతే కంటికే దొరుకుతాయి: అసలు ట్రూ సెల్ మధ్యలో ఉంటుంది, అక్షరాలది ఎడమకి అంటుకుని ఉంటుంది. అనుమానముంటే =ఈజ్‌టెక్స్ట్(సి2). ఫార్ములాలో --సి2:సి61 తీసేసి --(ట్రిమ్(సి2:సి61)="ట్రూ") పెట్టండి. ట్రిమ్ అదనపు స్పేస్‌లు తీసేసి అన్నిటినీ అక్షరాలుగానే ఇస్తుంది, అందుకే రెండు రకాలూ లెక్కకొస్తాయి.

పెందుర్తి_పివట్
అవును, అక్షరాలుంటే నాది పనికిరాదు. ఇంకోటి: గాజువాక లేదా పెందుర్తి కావాలంటే సమ్‌ప్రొడక్ట్ లోపల ఆర్ ఫంక్షన్ పెట్టకండి, కాలమ్ మొత్తానికీ కలిపి ఒకే జవాబిస్తుంది. రెండు షరతుల మధ్య + పెట్టండి. మాక్రో రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త, వీబీఏలో (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) ట్రూ విలువ -1.