జమైకాలో కొన్న సీబీడీ నూనెను హనుమకొండకు తేవచ్చునా?

ప్రశ్న (హనుమకొండ):
మా బావగారు రెండేళ్లుగా జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. బతుకమ్మకు వస్తూ, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేకపోతున్న మా అమ్మ కోసం అక్కడి దుకాణంలో దొరికే సీబీడీ (గంజాయి మొక్కలో ఉండే ఒక పదార్థం) నూనె తెస్తానంటున్నారు. ఆ దేశంలో గంజాయికి అనుమతి ఉందని, పైగా సీబీడీ మత్తెక్కించదు గనుక ఇబ్బంది రాదని ఆయన వాదన. ఇది నిజమేనా?

జవాబు (వరంగల్, న్యాయవాది):
మీ బావగారి మాటలో సగమే నిజం. 2015 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్ట సవరణ జమైకాలో గంజాయిని పూర్తిగా చట్టబద్ధం చేయలేదు. రెండు ఔన్సుల వరకు, అంటే సుమారు 56 గ్రాముల వరకు, దగ్గర ఉంచుకున్నవారికి క్రిమినల్ కేసు బదులు 500 జమైకా డాలర్ల జరిమానా పెట్టింది. ఇంటికి ఐదు మొక్కలు పెంచుకోవచ్చు, రాస్తఫారీ మతస్థులు ఆరాధనలో వాడుకోవచ్చు, వైద్యుడు సిఫారసు చేస్తే రోగులూ వాడుకోవచ్చు. వ్యాపారానికి మాత్రం లైసెన్సు తప్పదు. టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) ఒక శాతం మించని మొక్కను ఆ చట్టం హెంప్‌గా వేరుచేస్తుంది గనుక, సీబీడీ నూనె ఏ మొక్క నుంచి తీశారన్నది అక్కడ కూడా ముఖ్యమే. (ఆ చట్టంలో ఉన్నది ‘గాంజా’ అన్న మన మాటే, 1845 నుంచి అక్కడికి వెళ్లిన భారతీయ కూలీలతోనే అది ఆ దీవికి చేరిందంటారు.)

అయితే శంషాబాద్‌లో దిగిన తర్వాత ఇవేవీ పనికిరావు. మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం ఒక శాతం లెక్కను గుర్తించదు; గంజాయి బంకతోగాని, పూతకొనలతోగాని చేసిన మిశ్రమాన్ని కూడా గంజాయిగానే చూస్తుంది. విదేశం నుంచి తెస్తే 23వ సెక్షన్ వర్తిస్తుంది. పరిమాణం స్వల్పమైనా ఏడాది వరకు జైలు పడవచ్చు. కింగ్‌స్టన్ దుకాణం ఇచ్చిన రశీదు కస్టమ్స్ అధికారి ముందు మిమ్మల్ని కాపాడదు.

జవాబు (కరీంనగర్, మందుల దుకాణం):
గంజాయి గింజల నూనె వేరు, సీబీడీ నూనె వేరు. గింజల నూనెను ఆహారంగా అమ్మడానికి మన దేశంలో 2021లో అనుమతి వచ్చింది, కాని అందులో సీబీడీ దాదాపు ఉండదు. గంజాయికి ఆయుర్వేదంలో ఉన్న ‘విజయ’ అన్న పేరుతో, లైసెన్సు ఉన్న ఆయుర్వేద మందులు వైద్యుని చీటీతో ఇక్కడే దొరుకుతాయి. ఏది వాడినా ముందు ఒక సంగతి చూడండి: మీ అమ్మగారు రక్తం పలుచబడేందుకు వార్ఫరిన్ వాడుతుంటే, సీబీడీ దాని ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అమ్మ మందుల డబ్బాలో వార్ఫరిన్ ఉంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. నూనె వద్దని, తేవాలనుకుంటే బ్లూ మౌంటెన్ కాఫీ పొడి తెమ్మని బావగారికి చెప్పాను.