అప్‌డేట్: 29పి తోకచుక్క స్థానంలో 80 ఆర్క్‌సెకన్ల తేడా, కారణం దొరికింది

తిరుపతి నుంచి తీసిన ఫ్రేముల్లో 29పి స్థానం జేపీఎల్ హొరైజన్స్ (గ్రహాలు, తోకచుక్కల స్థానాలు లెక్కగట్టి ఇచ్చే నాసా సేవ) లెక్కకు సుమారు 80 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడాగా వస్తోందని, వెలుగు కూడా మరీ తక్కువ చూపుతోందని అడిగాను కదా, రెండూ తేలాయి. ఫిట్స్ హెడర్ (ఫొటో ఫైలులో టైమ్ లాంటి వివరాలుండే భాగం) చూడమన్నవారికి చాలా థాంక్స్, మీరన్నదే నిజం.

హెడర్‌లో మన టైమ్ పడుతోంది, ఆస్ట్రోమెట్రికా (స్థానం కొలిచే సాఫ్ట్‌వేర్) దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) అనుకుంటోంది. నిమిషానికి పావు ఆర్క్‌సెకను కదిలే తోకచుక్కకి 330 నిమిషాలంటే దాదాపు అంతే తేడా. అర్ధరాత్రి దాటిన ఫ్రేములతో మరీ జాగ్రత్త: మన తెల్లవారుజాము 2 గంటలంటే ముందురోజు 20:30 యూటీసీ, టైమ్‌ని రోజులో భాగంగా రాసేటప్పుడు ఆ ముందురోజు తేదీ పక్కన .85417 రావాలి.

వెలుగు సంగతి: బ్యాక్‌గ్రౌండ్ రింగ్ (ఆకాశం వెలుగు కొలిచే వలయం) కోమాలోనే (తోకచుక్క కేంద్రం చుట్టూ ఉండే వాయువు, ధూళి మేఘం) పడి, కోమా వెలుగుని ఆకాశం వెలుగు కింద తీసేస్తోంది. అపర్చర్ (తోకచుక్క వెలుగు కొలిచే వృత్తం) పెంచి, రింగ్‌ని కోమా అంచు దాటించాక సరిపోయింది. ఇంకా కాస్త తేడా ఉంటే అది తప్పు కాకపోవచ్చు. 29పి ఏడాదికి పలుమార్లు ఉన్నట్టుండి భగ్గుమంటుంది. ప్రతి రీడింగ్ పక్కన అపర్చర్ ఎంతో తప్పక రాయండి.

పోలార్ అలైన్‌మెంట్ (టెలిస్కోప్ స్టాండు అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు సరిచేయడం), తిరుమల కొండ వైపు లైట్లు కారణం కాదు. ల్యాప్‌టాప్ గడియారం 2 సెకన్లు తప్పినా ఇక్కడ లెక్కలోకి రాదు; భూమికి దగ్గరగా దూసుకెళ్లే ఆస్టరాయిడ్‌కైతే ఆ 2 సెకన్లే ముంచుతాయి.